పనికి పోతే పాపాయి ఎవరి దగ్గర?

తెల్లవారకముందే కూరగాయల గంపలతో సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు బయలుదేరే దంపతులారా! బిడ్డను ఎవరి దగ్గర ఉంచుతున్నారు?

6 నెలల లోపు: తల్లిపాలే చాలు, నీళ్ళు కూడా అక్కర్లేదు. బేరానికి తండ్రి వెళ్ళి, తల్లి ఇంటిపట్టున ఉండడం మేలు. తప్పకపోతే పాలు పిండి, శుభ్రమైన మూతగిన్నెలో ఉంచండి. 4 గంటల లోపు ఉగ్గుగిన్నెతో పట్టించాలి. పాలసీసా వద్దు.

6 నెలలు దాటాక: నానమ్మో అమ్మమ్మో చూసుకోవచ్చు. వారికి ఓపిక ఉందా, వేళకు మెత్తని తిండి పెట్టగలరా, ఆలోచించండి. ఎనిమిదేళ్ళ అక్కకు మాత్రం అప్పగించకండి. ఆ పిల్ల చదువు పోతుంది, చంటిదానికీ ప్రమాదమే.

3 ఏళ్ళు నిండాక: అంగన్‌వాడీకి పంపండి. 1975లో మొదలైన ఈ కేంద్రాల్లో ఆటపాటలు, తిండి ఉచితం. కాని అది తెరిచే వేళకు మీరు మార్కెట్‌లో ఉంటారు. బిడ్డను ఎవరు దింపాలో, ఎవరు తీసుకురావాలో ముందే మాట్లాడుకోండి.

ఇద్దరు చంటిపిల్లలను ఒక్క ముసలమ్మ సాకలేదు. కాన్పుకూ కాన్పుకూ 3 ఏళ్ళ ఎడం ఉంటే, పెద్దబిడ్డ అంగన్‌వాడీకి పోయే వేళకు చిన్నబిడ్డ ఒడిలోకి వస్తుంది. ఎడం కోసం నిరోధ్, మాత్రలు, కాపర్-టి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి. ఇద్దరూ కలిసి వచ్చి అడగండి.