కార్డు ఇంటిదా? మనిషిదా?

కృష్ణా డెల్టాలో నాట్లు మొదలైతే ఆడకూలీల బతుకు పొద్దస్తమానం బురదలోనే. నడుం పట్టేస్తుంది, కాలివేళ్ల సందులు ఒరిసిపోతాయి. ఒక్కరోజు మంచాన పడితే ఆరోజు కూలి పోయినట్టే.

విజయవాడ గుణదలలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి వుంది. 1948 నాటి చట్టంతో వచ్చిన ఈ బీమాలో వున్న కార్మికురాలికి, చందా కట్టిన కాలం సరిపోతే, జబ్బు చేసినప్పుడు ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. కాన్పుకు 26 వారాల వేతనం వస్తుంది. అందరికీ అన్నం పెట్టే పొలం పనివాళ్లకు మాత్రం అందులో చోటు లేదు!

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. తెల్లకార్డు ఇళ్లకు పెద్ద ఆపరేషన్లు ఉచితమన్నారు. 2019లో ఆదాయ పరిమితిని ఏడాదికి 5 లక్షలకు పెంచారు. 2024లో దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. పరిధి పెరగడం మంచిదే. కానీ లెక్క కుటుంబానిది. మొగుడు వదిలేసిన మనిషి పేరు అత్తింటి కార్డులోనే వుండిపోతే ఆమె ఎవరి గడప తొక్కాలి? కోర్టు కాగితం తెమ్మంటే కూలికి పోయేదెప్పుడు?

ఆపరేషన్ ఉచితమే. కోలుకునే రోజుల్లో పొయ్యి ఎలా వెలగాలి? 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా ఇవ్వడం మొదలెట్టారు. అంటే ఇది ప్రభుత్వం చేయగలిగిన పనే.

కనుక మనం రెండు అడగాలి. ఒంటరి మహిళకు ఆమె పేరనే కార్డు. మంచాన పడ్డ రోజులకు కూలి. ముందు ప్రతి పేటలోనూ కార్డుకెక్కని ఆడకూలీల పేర్లు రాయండి. ఆ జాబితా పట్టుకుని అందరం కలిసి మండలాఫీసుకు కదులుదాం.