అవును, నేను తాగేవాణ్ని!

తాగుడుకు బానిసై చావు అంచుదాకా వెళ్లిన లారీ డ్రైవర్ ఒక రాష్ట్రానికి గవర్నరయ్యాడు. తన జబ్బును దాచుకోకుండానే ఓటు అడిగాడు. ఆ జబ్బున్నవాళ్ల కోసం దేశానికే ఒక చట్టం తెచ్చిపెట్టాడు.

1964. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో గవర్నర్ ఎన్నికలు. అక్కడ గవర్నరంటే జనం నేరుగా ఎన్నుకునే పాలకుడు, మన లెక్కలో ముఖ్యమంత్రి. పదవిలో ఉన్న హెరాల్డ్ హ్యూస్ డెమొక్రాట్. ఆయన మీద పోటీకి దిగిన ఇవాన్ హల్ట్‌మన్ రిపబ్లికన్, రాష్ట్ర అటార్నీ జనరల్. ఇద్దరూ ఎదురెదురుగా వాదించుకునే వేదిక మీద హల్ట్‌మన్ పాత చిట్టా విప్పాడు. 1952లోనే మందు మానేశానని చెప్పుకుంటున్న ఈ పెద్దమనిషి 1954లో మళ్లీ తాగాడని జనం ముందు పెట్టాడు.

అలాంటి చోట మన నాయకులైతే ఏం చేస్తారో అందరికీ తెలుసు. అంతా కట్టుకథ అంటారు, పరువునష్టం దావా వేస్తామంటారు, ఎదుటివాడి ఇంటి గుట్టు బయటికి లాగుతారు. హ్యూస్ అవేవీ చేయలేదు. తాను తాగుడు రోగినని, చనిపోయేదాకా రోగినేనని, దేవుడి దయతో ఇక చుక్క కూడా ముట్టనని చెప్పాడు. ఇప్పుడు ఎన్నికల సంగతులు మాట్లాడుకుందామా అని అడిగాడు. ఓట్లు లెక్కపెడితే ఆయనకు దాదాపు 68 శాతం వచ్చాయి. ఆ ఏడాది దేశమంతా డెమొక్రాట్ల గాలి వీచిన మాట నిజమే. కానీ అదే అయోవాలో అధ్యక్ష పదవికి పోటీచేసిన లిండన్ జాన్సన్‌కు వచ్చింది 62 శాతం లోపే. తాగుబోతని ముద్ర వేయాలని చూసిన మనిషికి అధ్యక్షుడికంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి.

ఆ రాత్రి

హ్యూస్ 1922లో ఐడా గ్రోవ్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. ఆరడుగులు దాటిన మనిషి, గంభీరమైన గొంతు. ఫుట్‌బాల్ బాగా ఆడేవాడు. అన్న జెస్సీ కారు ప్రమాదంలో పోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇటలీల్లో పోరాడాడు. ఓ అధికారి మీద చెయ్యిచేసుకుని కోర్టు మార్షల్ కూడా ఎదుర్కొన్నాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చి లారీలు నడిపాడు.

తాగుడు ముందునుంచీ ఉన్నదే. ఇంటికొచ్చాక ముదిరింది. భార్య ఈవా, ముగ్గురు ఆడపిల్లలు. మానేస్తానని మాటివ్వడం, నాలుగు రోజులు నిలబెట్టుకోవడం, మళ్లీ తప్పడం... తాగేవాడున్న ఏ ఇంటికీ కొత్త సంగతి కాదిది. తాగినప్పుడు చేసిన పనికి తెల్లారాక సిగ్గుపడటం, ఆ సిగ్గు మరిచిపోవడానికి మళ్లీ తాగడం. ఈ గానుగలోంచి తనంతట తాను బయటపడలేని స్థితినే వైద్యులు వ్యసనం అంటారు.

1952లో ఒక రాత్రి హ్యూస్ ఇక చాలనుకున్నాడు. స్నానాల గదిలోకి వెళ్లి ప్రాణం తీసుకోవడానికి సిద్ధపడ్డాడు. అంత పని చేసేముందు దేవుడికి కారణం చెప్పుకోవాలనిపించింది. నేల మీద మోకరిల్లాడు. చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఏడ్చాడు, సాయం చెయ్యమని వేడుకున్నాడు. కాసేపటికి మనసు నెమ్మదించింది. అనుకున్న పని మానుకుని లేచాడు. ఆ రాత్రి గురించి తర్వాత ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే సినిమాకు బాగుండేది. ఆయన 1954లో మళ్లీ పడ్డాడు, మళ్లీ లేచాడు. ఆ మరుసటి ఏడాది తన ఊళ్లోనే ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాన్ని మొదలుపెట్టాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని, ఎవరి కథ వారు చెప్పుకుని, ఈ ఒక్కరోజు తాగకుండా ఉందామని ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే సంఘమది. ఫీజు ఉండదు, ఇంటిపేరు అడగరు. నా దృష్టిలో హ్యూస్ రాజకీయ జీవితానికి అసలు పాఠశాల ఆ గదే. తన తప్పును పదిమందిలో నోరువిప్పి చెప్పడం అక్కడ అలవాటైంది. తొమ్మిదేళ్ల తర్వాత హల్ట్‌మన్ ఎదుట గొంతు వణకకపోవడానికి ఆ అలవాటే కారణమై ఉండాలి.

బార్లు తెరిపించిన తాగని గవర్నర్

రాజకీయాల్లోకి ఆయన్ను లాగింది లారీలే. చిన్న చిన్న లారీ యజమానులను కూడగట్టి సంఘం పెట్టాడు. రవాణాను అదుపుచేసే రాష్ట్ర వాణిజ్య కమిషన్ వాళ్ల గోడు పట్టించుకోవడం లేదని మండిపడ్డాడు. చివరికి 1958లో ఆ కమిషన్‌కే పోటీచేసి గెలిచాడు. 1962లో పదవిలో ఉన్న గవర్నర్ నార్మన్ అర్బ్‌ను ఓడించాడు. ఆ ఎన్నికలో పెద్ద గొడవ మద్యం గురించే.

అప్పట్లో అయోవాలో ఘాటు మద్యం ప్రభుత్వ దుకాణాల్లోనే దొరికేది. కొనడానికి ఒక పర్మిట్ పుస్తకం ఉండాలి. ఎవరు ఎప్పుడు ఎంత కొన్నారో అందులో రాసేవారు. సీసా కొని ఇంటికి పట్టుకెళ్లాలే తప్ప బార్లో కూర్చుని గ్లాసు లెక్కన తాగడానికి చట్టం ఒప్పుకోదు. కాగితం మీద మాట అది. క్లబ్బుల పేరుతో ఊరూరా గ్లాసులు గలగలలాడుతూనే ఉండేవి. పోలీసులకు తెలుసు, పాలకులకు తెలుసు, ప్రార్థనకు వెళ్లే పెద్దలకూ తెలుసు. మద్య నిషేధం, బెల్టు షాపులు, పర్మిట్ రూములు అన్నీ చూసినవాళ్లం మనం. ఈ నాటకం మనకు వివరించి చెప్పక్కర్లేదు.

చట్టాన్ని నిజంగా అమలు చెయ్యండి, లేదంటే మార్చండి అన్నాడు హ్యూస్. గ్లాసు లెక్కన అమ్మకాన్ని చట్టబద్ధం చేసి, లైసెన్సులిచ్చి, పన్ను కట్టించుకుందామన్నాడు. చుక్క ముట్టని మనిషి, అందులోనూ తాగి చితికిపోయి లేచిన మనిషి ఆ మాట అనడం చాలామందికి మింగుడుపడలేదు. ఆయన లెక్క వేరై ఉండాలి. తాగుడును జబ్బుగా చూడాలంటే ముందు దొంగచాటు పోవాలి. దొంగచాటున సాగేదాన్ని ఎవరూ లెక్కపెట్టలేరు, చికిత్స చేయలేరు. 1963లో చట్టం మారింది. ఆయన నిర్ణయంతో అందరూ ఏకీభవించనక్కర్లేదు. నా మటుకు నాకు అందులోని నిజాయతీ నచ్చింది.

1968లో కేవలం ఆరువేల పైచిలుకు ఓట్ల తేడాతో సెనేటర్‌గా గెలిచి వాషింగ్టన్ వెళ్లాడు. వెళ్లగానే మద్యపానం, మత్తుమందుల మీద ప్రత్యేక ఉపసంఘం ఏర్పాటైంది. దానికి ఆయనే అధ్యక్షుడు. 1969 జులైలో విచారణలు జరిగాయి. సినిమా నటి మెర్సిడెస్ మెకాంబ్రిడ్జ్ తన తాగుడు గురించి బహిరంగంగా సాక్ష్యం చెప్పింది. ఆల్కహాలిక్స్ అనానిమస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన బిల్ డబ్ల్యూ కూడా వచ్చాడు. సంఘం నియమం ప్రకారం ఆయన ముఖం బయటపడకూడదు కాబట్టి కెమెరాలు ఎదురుగా ఫొటో తీయకూడదన్న షరతు పెట్టారు. వీపు వైపు నుంచి కెమెరాలు, ముందు వరుసలో సెనేటర్లు, అధ్యక్ష స్థానంలో ఒకప్పటి తాగుబోతు. తాగుడు గురించి మాట్లాడటమే అప్రతిష్ఠగా భావించే రోజుల్లో ఆ గదిలో జరిగింది చిన్న విషయం కాదు.

దాని ఫలితంగా వచ్చిన చట్టం మీద 1970 డిసెంబరు 31న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేశాడు. హ్యూస్ చట్టమనే అందరూ పిలుస్తారు. మద్యపానం మీద పరిశోధనకు, చికిత్సకు జాతీయ సంస్థ దాంతోనే పుట్టింది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలన్నది అందులో ఉంది. తాగుడు రోగి అన్న కారణంతో ఆస్పత్రులు చికిత్స నిరాకరించకూడదన్నది ఉంది. గతంలో తాగుడు సమస్య ఉండేదన్న ఒక్క కారణంతో కేంద్ర ప్రభుత్వంలో పౌర ఉద్యోగం లేదనకూడదన్నదీ ఉంది. ఈ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎవరో ఒకరు ఆ అవమానం పడి ఉంటేనే చట్టంలోకి ఎక్కే వాక్యమది.

ఆయన తర్వాత

టెక్సస్‌లో ఆన్ రిచర్డ్స్ అనే నాయకురాలు 1980లో కుటుంబం, స్నేహితులు కూర్చోబెట్టి నచ్చచెబితే చికిత్సకు వెళ్లింది. రెండేళ్లకే రాష్ట్ర ఖజానా అధికారిగా గెలిచింది. 1990లో గవర్నర్ పదవికి పోటీపడినప్పుడు, ఎప్పుడైనా మత్తుమందులు వాడారా అని ప్రత్యర్థులూ పత్రికలూ ఆమెను వెంటాడాయి. ఆ ప్రశ్నకు ఆమె సూటిగా జవాబివ్వలేదు. దాదాపు పదేళ్లుగా మత్తుకు దూరంగా ఉన్నానన్న మాట దగ్గరే నిలబడింది. హ్యూస్ పద్ధతి ఇది కాదు. అయినా ఆమెను తప్పుపట్టను. ఎంత చెప్పాలో తేల్చుకునే హక్కు కోలుకున్న మనిషిదే. గెలిచాక ఆమె జైళ్లలో వ్యసన చికిత్సకు పెద్దపీట వేసింది.

జిమ్ రామ్‌స్టాడ్ మిన్నెసోటా రాష్ట్ర సెనేటర్‌గా ఉండగా, 1981లో ఒళ్లు తెలియకుండా తాగి పొరుగు రాష్ట్రంలో జైలు గదిలో కళ్లు తెరిచాడు. రాజకీయ జీవితం ముగిసిందనే అనుకున్నాడు. 1990లో దేశ చట్టసభ కాంగ్రెస్‌కే ఎన్నికయ్యాడు. అదే సభలో డెమొక్రాట్ సభ్యుడైన పాట్రిక్ కెన్నెడీ 2006లో వాషింగ్టన్‌లో కారు గుద్దేసి, తన వ్యసనాన్ని ఒప్పుకున్నాడు. అప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది ఎదుటి పార్టీకి చెందిన రామ్‌స్టాడే. మానసిక ఆరోగ్యానికి, వ్యసనానికి ఇచ్చే బీమా రక్షణ మిగతా జబ్బులకు ఇచ్చేదానికి తీసిపోకూడదంటూ 2008లో వచ్చిన చట్టానికి ప్రతినిధుల సభలో కష్టపడింది ఈ ఇద్దరే. వాషింగ్టన్ రాష్ట్రంలో మత్తుకు బానిసై జైలుకెళ్లిన టారా సిమన్స్ బయటికొచ్చి లా చదివింది. న్యాయవాది పరీక్ష రాయనివ్వకపోతే రాష్ట్ర సుప్రీంకోర్టుదాకా పోరాడింది. 2020లో శాసనసభకు గెలిచింది.

మన దగ్గర

మన రాజకీయాల్లో మద్యం లేనిదెప్పుడు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడితే రాష్ట్రమే కదిలింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. అప్పటినుంచి ప్రతి ఎన్నికలోనూ దుకాణాల సంఖ్య, ధరలు, బ్రాండ్లు, ఖజానాకొచ్చే ఆదాయం గురించే కొట్లాట. పోలింగ్ ముందు 48 గంటలు దుకాణాలు మూసేయిస్తారు, ఈలోపే ఇంటింటికీ సీసాలు చేరిపోతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో మగవాళ్లలో 43 శాతం మంది, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం మంది మద్యం తీసుకుంటారు. ఇంతమంది తాగే చోట, నేను ఈ జబ్బుతో బాధపడ్డాను, కోలుకున్నాను, నాకు ఓటెయ్యండి అని అడిగిన ప్రముఖ నాయకుడెవరైనా గుర్తొస్తారేమో ఆలోచించండి.

తాగుడు మానేసినవాడు మన దగ్గర పోటీచేయడానికి ఏ చట్టమూ అడ్డం కాదు. మాదకద్రవ్యాల చట్టం కింద శిక్షపడితే మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం కొన్నేళ్లపాటు అనర్హుణ్ని చేస్తుంది. మిగతాదంతా సిగ్గే అడ్డం. 'తాగుబోతు' అన్న తిట్టు వేదికల మీద ఎంత తేలిగ్గా దొర్లుతుందో, ఇంట్లో జబ్బుపడినవాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లడం అంత కష్టమవుతుంది. నలుగురికీ తెలిస్తే పిల్లకు సంబంధాలు రావన్న భయం ఎన్ని ప్రాణాలు తీసిందో ఎవరూ లెక్కవేయలేదు.

మారానన్న ప్రతివాణ్నీ నమ్మేయమని నేననను. తాగి ఎవరినైనా గుద్దితే, ఇంట్లో ఆడవాళ్ల మీద చెయ్యెత్తితే దానికి చట్టం ముందు జవాబు చెప్పాల్సిందే. జబ్బన్నమాట నేరాన్ని మాఫీ చేయదు. మళ్లీ తాగుతాడేమోనన్న అనుమానమూ న్యాయమైనదే, హ్యూస్ అంతటివాడే మళ్లీ తాగాడు. కానీ తన జబ్బు పేరు తానే చెప్పినవాణ్ని జనం కళ్లెదుటే గమనించవచ్చు. దాచుకున్నవాణ్ని ఎలా గమనిస్తాం?

హ్యూస్ 1975లో సెనేట్ వదిలి మత సేవలోకి వెళ్లిపోయాడు. 1996లో కన్నుమూశాడు. ఆయన చట్టంతో పుట్టిన సంస్థ ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.

వచ్చే ఎన్నికల్లో మీ గుమ్మం ముందుకొచ్చే అభ్యర్థిని మద్యం దుకాణాల గురించి ఎలాగూ అడుగుతారు. మీ జిల్లా ఆస్పత్రిలో వ్యసన చికిత్సకు ఎన్ని పడకలున్నాయో, ఎంతమంది మానసిక వైద్యులున్నారో కూడా అడగండి. వచ్చినవాడు ఒకప్పుడు తాగి, మానేసి, ఆ సంగతి తానే చెబితే నవ్వకండి, చెప్పేది పూర్తిగా వినండి. ఇంట్లో ఎవరైనా ఆ గానుగలో చిక్కుకుని ఉంటే ఎన్నికలదాకా ఆగొద్దు. మత్తు వదిలించుకోవడానికి 14446, బతకాలనిపించనంత బాధలో ఉంటే 14416. రెండూ ప్రభుత్వ ఉచిత నంబర్లే, ఇవాళే ఫోన్ చెయ్యండి.