గర్భ నిర్ధారణ హార్మోన్.. మూత్రాశయ క్యాన్సర్‌ను పట్టిస్తుందా?

మూత్రంలో ఒకనాడు రక్తం కనిపిస్తుంది. నొప్పి ఉండదు. రెండు రోజుల్లో దానంతటదే ఆగిపోతుంది. ఒంట్లో వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు తాగి ఊరుకునేవారు ఎందరో. మూత్రాశయ క్యాన్సర్ తొలి సంకేతం చాలామందిలో ఇదే. రక్త పరీక్షతోనే దీనిని పసిగట్టగలమా అన్న అన్వేషణలో శాస్త్రవేత్తలు పరిశీలించిన వాటిలో గర్భిణుల్లో ఉత్పత్తయ్యే హెచ్‌సీజీ హార్మోన్ ఒకటి.

మావి నుంచి కణితి దాకా..

హెచ్‌సీజీ గర్భిణి మావిలో తయారై మూత్రంలోకి చేరుతుంది. ఇంటి వద్ద చేసుకునే గర్భ నిర్ధారణ పరీక్షకు ఆధారం ఇదే. దీనిలో ఆల్ఫా, బీటా అనే రెండు భాగాలుంటాయి. ఆల్ఫా భాగం మరికొన్ని హార్మోన్లలోనూ ఉంటుంది. బీటా భాగమే దీని ప్రత్యేకత. ఆరోగ్యవంతులైన పురుషుల్లో, గర్భం దాల్చని స్త్రీలలో ఇది అతి స్వల్పం. అయితే కొన్ని క్యాన్సర్ కణాలు దీనిని తయారు చేస్తాయి. కణితి ఉనికిని తెలిపే ఇటువంటి పదార్థాలనే ‘ట్యూమర్ మార్కర్లు’ అంటారు. కొన్ని రకాల వృషణాల క్యాన్సర్‌లో, మావి కణాల నుంచి పుట్టే క్యాన్సర్‌లో వైద్యులు హెచ్‌సీజీపై ఎంతగానో ఆధారపడతారు.

మూత్రాశయంలో పరిమితమే

మూత్రాశయ క్యాన్సర్ విషయం వేరు. ఇక్కడ కొన్ని కణితులు పూర్తి హార్మోన్‌ను కాక, ఎక్కువగా బీటా భాగాన్నే విడిగా స్రవిస్తాయి. రక్తంలో దాని పెరుగుదల ప్రధానంగా వ్యాధి ముదిరి ఇతర అవయవాలకు పాకిన వారిలో, వారిలోనూ కొందరిలోనే కనిపిస్తుంది. అటువంటి వారిలో వ్యాధి తీవ్రతను అంచనా వేయడానికి ఇది కొంత ఉపకరించవచ్చు. తొలిదశ రోగుల్లో మాత్రం ఫలితం సాధారణంగానే రావచ్చు. మరోవైపు మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో క్యాన్సర్ లేకున్నా ఇది పెరగవచ్చు. కాబట్టి ఈ ఒక్క పరీక్షతో వ్యాధి ఉందనీ, లేదనీ తేల్చడం సాధ్యం కాదు. గర్భ నిర్ధారణ పట్టీలతో సొంతంగా పరీక్షించుకోవడం అసలే పనికిరాదు.

నిర్ధారణ ఇలా..

మూత్రనాళం గుండా సన్నని గొట్టాన్ని పంపి మూత్రాశయం లోపలి గోడలను చూసే సిస్టోస్కోపీ, అనుమానం ఉన్నచోట ముక్క తీసి పరీక్షించే బయాప్సీ నేటికీ ప్రధాన ఆధారాలు. మూత్రంలో క్యాన్సర్ కణాలను వెదికే పరీక్ష, స్కానింగ్ వీటికి తోడ్పడతాయి.

ఎవరికి ముప్పు?

పొగాకు అన్నింటికన్నా పెద్ద కారణం. సిగరెట్, బీడీ, చుట్టల పొగలోని విష రసాయనాలు రక్తంలో కలిసి, మూత్రపిండాల ద్వారా వడకట్టబడి మూత్రాశయంలో నిలుస్తాయి. రంగుల పరిశ్రమల్లోని కొన్ని రసాయనాలూ ప్రమాదకరమే. జర్మనీకి చెందిన శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లోనే రంగుల కర్మాగారాల కార్మికుల్లో ఈ కణితులను గుర్తించారు. ఈ వ్యాధి స్త్రీల కన్నా పురుషుల్లో అధికం.

కండర పొరకు చేరకముందే గుర్తిస్తే కణితిని మూత్రనాళం గుండానే తొలగించవచ్చు. అయితే మళ్లీ వచ్చే స్వభావం ఎక్కువ గనుక క్రమం తప్పని తనిఖీలు అవసరం. మూత్రంలో ఒక్కసారి రక్తం కనిపించినా, అది ఆగిపోయినా, యూరాలజిస్టును సంప్రదించడమే శ్రేయస్కరం.