నేలవేము - మూత్రపిండములు

జ్వరము తగిలినంతనే నేలవేము కషాయము కాచుట తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో పెద్దలనాటి అలవాటు. శేషాచలపు అడవులలో దొరకు ఈ చిన్న మొక్క చేదునకు పెట్టినది పేరు. ఆ చేదునకు మూలమైన పదార్థమును 1911లో గోర్టర్ అను రసాయనవేత్త వేరుచేసెను. దానికి ఆండ్రోగ్రాఫోలైడ్ అని పేరు. తీవ్రమైన అంటురోగములలో అది మూత్రపిండములను కాపాడగలదా అని నేడు పరిశోధకులు విచారించుచున్నారు. ఆ సంగతిని శ్రోతలకు విశదపరుపదలచితిమి.

మన మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడకట్టి, ఒకటి రెండు లీటర్లు తప్ప తక్కినదంతయు మరల రక్తమునకే చేర్చును. ఒక్కొక్క దానిలో ఇంచుమించు 10 లక్షల వడపోత గొట్టములు కలవు. సూక్ష్మజీవులు రక్తమున జొరబడినపుడు శరీరము వానిని ఎదిరించును. ఆ ఎదిరింపు హద్దు మీరెనా, ఎలుకమీది కోపముతో ఇంటికి నిప్పుపెట్టినట్లగును. వాపు ఒడలంతయు వ్యాపించును, రక్తపోటు పడిపోవును, సన్నని రక్తనాళములు చెడును, వడపోత గొట్టములు దెబ్బతినును. దీనినే సెప్సిస్ అందురు. మూత్రము తగ్గిపోవుట మూత్రపిండములు దెబ్బతినుటకు ఒక గురుతు.

కణములలో వాపును రేకెత్తించు మీట వంటి మాంసకృత్తు ఒకటి కలదు. దాని పేరు ఎన్.ఎఫ్. కప్పా బి. ఆండ్రోగ్రాఫోలైడును, పసుపులోని కర్‌క్యుమినును ఆ మీటను అణచునని ప్రయోగశాలలలో తేలినది. సూక్ష్మజీవుల విషమెక్కించిన ఎలుకలలో ఇట్టి పదార్థములు మూత్రపిండముల హానిని తగ్గించినవి. కాని పెక్కు ప్రయోగములలో ఎలుకకు మందు ముందే ఇత్తురు. మనిషి వైద్యుని చేరునది రోగము ముదిరిన పిమ్మట. పైగా తిన్న పసుపులోని కర్‌క్యుమిను రక్తమునకు చేరునది మిక్కిలి కొద్ది.

మరియొక విశేషము. చైనాలో ఈ ఆండ్రోగ్రాఫోలైడునే సూదిమందుగా నరములోనికి ఎక్కించినపుడు కొందరికి మూత్రపిండములే దెబ్బతినెను. మన గాడిదగడపాకు, ఈశ్వరి మొక్కల జాతిలోనుండు అరిస్టోలోకిక్ ఆమ్లము మరింత ప్రమాదకరము. బెల్జియములో సన్నబడుటకై ఆ జాతి మూలిక కలిసిన మందులు మ్రింగిన స్త్రీల మూత్రపిండములు పాడైన సంగతి 1993లో వెల్లడియైనది.

మూలికలలో గుణము లేదని మేమనము. గుణమున్నచోటనే దోషమును ఉండవచ్చునని మా మనవి. జ్వరముతోపాటు మూత్రము తగ్గినను, ఆయాసము, మగత, మాట తడబాటు కలిగినను కషాయము కాగువరకు ఆగరాదు. రోగిని తక్షణమే పెద్ద ఆస్పత్రికి చేర్పవలెను. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆస్పత్రులు కలవు. తగిన సూక్ష్మజీవినాశక ఔషధము, నరములోనికి ద్రవము, అవసరమైనచో డయాలిసిస్, ఇవి వేళకు అందినపుడే ప్రాణము నిలుచును. ఇంట ఏ మూలిక వాడితిరో, ఎన్ని నాళ్లు వాడితిరో వైద్యునికి దాచక చెప్పుడు.