ఔట్‌సోర్సింగ్ అంటే ఖర్చు ముచ్చటొక్కటే కాదు

మన ఊర్ల ఎవలకన్న కొలువొచ్చిందంటె ముందుగాల అడిగేది, జీతమెంత అని. ఎమ్మటే అడిగేది, "పర్మినెంటా, ఔట్‌సోర్సింగా?" అని. దవాఖానల ఊడ్చే అక్క కాడికెల్లి ఆఫీసుల కంప్యూటర్ ముంగట కూసునే తమ్ముని దాక అందరికి ఎరుకైన మాటనే ఇది. ఎందుకిట్ల ఏజెన్సీకి ఇస్తున్నరని అడిగితె మాత్రం ఎక్కడైనా ఒక్కటే జవాబు: "ఖర్చు తగ్గించుకుంటున్నం." ఆ జవాబు సగమే నిజం కావొచ్చని ఆస్ట్రేలియాల ఒక విమాన కంపెనీ కేసు చూస్తె సమజైతది.

ఆ కంపెనీ పేరు క్వాంటాస్. 1920లో పుట్టింది. చాన ఏండ్లు సర్కారు చేతుల ఉండి, 1990లలో ప్రైవేటుకు పోయింది. 2020లో కరోనాకు విమానాలన్నీ నేల మీదనే ఆగినయి. ఆ ఏడు నవంబర్ ఆఖర్ల, 10 ఎయిర్‌పోర్టుల్ల గ్రౌండ్ హ్యాండ్లింగ్ పనిని బయటి కంపెనీలకు ఇచ్చేస్తున్నమని క్వాంటాస్ చెప్పింది. అంటే బ్యాగులు ఎక్కించుడు, దించుడు, విమానం లోపల సాఫ్ చేసుడు అసొంటి పనులు. దాదాపు 1,700 మంది కొలువులు పోయినయి. పని మాత్రం పోలె. అవే బ్యాగులు, అవే విమానాలు, మనుషులే మారిన్రు. ఇట్ల చేస్తె ఏడాదికి 10 కోట్ల డాలర్లు మిగులుతయని కంపెనీ లెక్క చెప్పింది.

అక్కడి ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యూనియన్ కోర్టుకు పోయింది. కోర్టుల నడిచింది పైసల లెక్క కాదు, టైము లెక్క. ఎట్లనంటె, ఆస్ట్రేలియాల ఎప్పుడంటె అప్పుడు సమ్మె చేసుడు కుదరది. కంపెనీతోని చేసుకున్న జీతాల ఒప్పందం గడువు తీరి, కొత్తదానికి మాట్లాడుకునే టైముల చేస్తేనే చట్టం అండ ఉంటది. ఈ కార్మికులకు ఆ హక్కు 2021లో రావాలె. అది రాకముందే వాళ్లను బయటికి పంపిన్రు.

అక్కడి చట్టం ఒక మాట గట్టిగ చెప్తది. హక్కు వాడుకుంటడేమోనని కార్మికునికి నష్టం చేయొద్దు. ఇంకో మాట అంతకన్న ముఖ్యం. "మా మనసుల ఆ ఉద్దేశం లేకుండె" అని రుజువు చేయాల్సింది కంపెనీయే. ఎందుకంటె కంపెనీ మీటింగుల ఏం అనుకున్నరో బ్యాగులు మోసేటాయన ఎట్ల రుజువు చేస్తడు? కాయితాలన్నీ కంపెనీ బీరువాలనే ఉంటయి.

2021 జులైల జడ్జి మైఖేల్ లీ తీర్పు చెప్పిండు. ఖర్చు తగ్గించుడు కారణమే గని, సమ్మె భయం కూడ ఒక కారణం కాదని కంపెనీ రుజువు చేయలేకపోయింది, కాబట్టి చేసిన పని చట్టానికి ఎదురన్నడు. అప్పీలుకు పోతె 2022లో అదే తీర్పు. 2023 సెప్టెంబర్ 13న హైకోర్టు, అంటే ఆ దేశంల అన్నిటికన్న పెద్ద కోర్టు, ఒక్క జడ్జి కూడ వేరే మాట లేకుండ అదే చెప్పింది. 2024 ఆఖర్ల కార్మికులకు 12 కోట్ల డాలర్ల పరిహారం ఖాయమైంది. 2025 ఆగస్టుల ఇంకో 9 కోట్ల జుర్మానా పడ్డది. అందుల 5 కోట్లు కేసు ఏసిన యూనియన్‌కే ఇయ్యమన్నరు.

గని కొలువులైతె తిరిగి రాలె. మళ్ల పనిల పెట్టుకోమనేదానికి కోర్టు ఒప్పలె. అందుకే ఇది పూరాగ గెలుపు అనలేం.

మరి మన దేశంల? ఇక్కడ కూడ విమాన కంపెనీ కేసే ఉన్నది. సర్కారు కంపెనీగ ఉన్నప్పటి ఎయిరిండియాల ఊడ్చి సాఫ్ చేసే కాంట్రాక్ట్ కార్మికుల కొట్లాట అది. 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం కింద అసొంటి పనులల్ల కాంట్రాక్ట్ పద్ధతి బంద్ చేయాలని 1976లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మరి బంద్ చేస్తె ఆ కార్మికులు యాడికి పోవాలె? 1996లో సుప్రీంకోర్టు, ఆ కార్మికులను అసలు కంపెనీయే తీసుకోవాలన్నది. ఆ తీర్పు ఇచ్చిన బెంచికి పెద్ద, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి పోయిన జస్టిస్ కె. రామస్వామి. 2001లో స్టీల్ అథారిటీ కేసుల ఐదుగురు జడ్జిల బెంచి దాన్ని తిప్పేసింది. కాంట్రాక్ట్ రద్దయినంత మాత్రాన కొలువు రాదన్నది. కాంట్రాక్ట్ ఉత్త నాటకమని తేలితె అసలు కంపెనీ కార్మికులైతరన్నది. అది నాటకమని రుజువు చేసే బరువు మాత్రం కార్మికుని నెత్తి మీదనే పడుతది.

తేడా ఇక్కడున్నది, తమ్మీ, చెల్లే. అక్కడ కంపెనీ రుజువు చేసుకోవాలె, ఇక్కడ నువ్వు చేయాలె. అందుకే ఔట్‌సోర్సింగ్‌ల ఉన్నోళ్లు కొన్ని పనులు ఇయ్యాల్టి నుంచే చేయుర్రి. నిన్ను పనిల పెట్టుకున్నదెవలు, జీతం ఏసేదెవలు, రోజూ పని చెప్పేదెవలు, సెలవు ఇచ్చేదెవలు? కోర్టులు చూసేటివి ఇవే. ఐడీ కార్డు, జీతం చీటీ, పీఎఫ్ పాస్‌బుక్, డ్యూటీ చార్టు, "రేపు ఆరింటికి రా" అని సారు పెట్టిన మెసేజ్, అన్నీ ఫొటో తీసి దాచుర్రి.

ఇంకొకటి మర్వొద్దు. క్వాంటాస్ మీద ఆ 1,700 మంది ఎవలకు వాళ్లు ఒంటరిగ పోతె ఐదేండ్లు నిలబడేటోళ్లు కాదు. యూనియన్ ఉన్నది కాబట్టే నిలబడ్డరు.