అప్పు ఖాతాలో తప్పు పడిన, దిద్దించువారెవరు?

తొలకరి చినుకు పడగానే తుగ్గలి మండలములో జనము రెండు చోట్ల కనబడుదురు. జొన్నగిరి చేలలో వజ్రములు వెదకువారు కొందరు. వేరుసెనగ సాగునకు పంట ఋణము తిరగవ్రాయించుకొన బ్యాంకు వాకిట నిలుచువారు కొందరు. మొదటివారిని వారి అదృష్టమునకు వదలి, రెండవవారితో నాలుగు మాటలు చెప్పదలచితిమి.

గంటసేపు వరుసలో నిలిచిన పిమ్మట, “మీ సిబిల్ బాగాలేదు, అప్పు ఇవ్వలేము” అని వినిన రైతు నిలువునా నీరుకారిపోవును. వెలుపలికి రాగానే ఎవరో ఒకరు ప్రక్కన చేరి, “ఐదు వేలు ఇయ్యన్నా, నెల తిరిగేలోగా స్కోరు పెంచిస్తా” అందురు. ఆ సొమ్ము చేతిలో పెట్టకముందు, ఆ లెక్క వ్రాయువారెవరో తెలిసికొనుడు.

మన దేశమున సిబిల్, ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను 4 సంస్థలు ప్రజల అప్పుల చరిత్రను భద్రపరచుచున్నవి. 300 నుండి 900 వరకు ఇచ్చు అంకెయే స్కోరు. ఈ సంస్థలు తమంతట తాము ఏమియు వ్రాయవు. బ్యాంకులు పంపిన వివరములనే ఉంచును. 2005 నాటి చట్టము ప్రకారము అప్పిచ్చిన బ్యాంకు ధ్రువపరచినగాని అందులో సవరణ జరుగదు. అడంగలులో పడిన తప్పును దళారి దిద్దగలడా? ఇదియు అంతే. కరణములు 1984లో పోయినను, కాగితముపై పడిన అక్షరమనిన మనకు భయము మాత్రము పోలేదు.

కాబట్టి మొదట తేల్చుకొనవలసినది, పడినది తప్పు నమోదా, నిజమైన బాకీయా అనునదే.

తప్పులు దొర్లుటకు మన వైపు కారణములు లేకపోలేదు. 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోను, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోను కలిసినవి. 2025 మే 1న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు ఇతర గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయినది. ఇట్టి మార్పులలో, ఎన్నడో తీర్చిన ఖాతా ఇంకను తీరనట్లే నిలిచిపోవచ్చును. ఒకే ఊరిలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గలవారుండుటచే ఒకరి బాకీ మరొకరికి అంటుకొనవచ్చును. మీరు హామీ సంతకము చేసిన అప్పు కూడ మీ నివేదికలో చేరును.

2014 నాటి మాఫీ సంగతి వేరు. 50,000 రూపాయలకు పైబడిన వారికి అది విడతలుగా అన్నారు. మాఫీ వచ్చునని నమ్మి తిరగవ్రాయింపక ఆగినవారి ఖాతాలు గడువు మీరినవి. రైతు తప్పు ఎంతయో చెప్పలేము గాని, బ్యాంకు వ్రాసినది అబద్ధము కాదు. దానిని తుడుచు విద్య ఏ నిపుణుని వద్దను లేదు.

ప్రతి సంస్థయు సంవత్సరమునకు ఒకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఇయ్యవలెను. పాన్ కార్డు, ఫోను ఉన్న చాలును. చదువుకొను బిడ్డ ఇంట నుండిన ఆ సంస్థ వెబ్‌సైటు నుండి తీసి ఇయ్యగలదు. ఓటీపీ మాత్రము పైవానికి చెప్పకుడు. తప్పు కనబడిన ఆ సంస్థకు ఫిర్యాదు పంపి, బాకీ లేదను పత్రము నకలుతో బ్యాంకు మేనేజరుకు అర్జీ ఇచ్చి, ముద్ర వేయించుకొనుడు. 30 దినములలో పరిష్కరింపవలెను. 2024 ఏప్రిల్ 26 నుండి అమలైన నియమము ప్రకారము, గడువు దాటిన ప్రతి దినమునకు 100 రూపాయలు పరిహారము మీకు రావలెను. అప్పటికిని పని కానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. దానికి రుసుము లేదు. 14448 నంబరుకు ఫోను చేసిన దారి చెప్పుదురు.

“సెటిల్డ్” అను మాట దగ్గర కొంచెము ఆగుడు. ఏకమొత్తముగా కట్టిన వడ్డీ తగ్గింతుమని బ్యాంకు పిలిచినప్పుడు సంతోషముగా కట్టివత్తుము. అప్పు తీరినదని మనము అనుకొందుము. నివేదికలో మాత్రము పూర్తిగా తీర్చినట్లు గాక, రాజీపడినట్లు పడును. తరువాతి బ్యాంకు దానిని చూచి వెనుకాడును. రాజీకి ఒప్పుకొనకముందే మేనేజరును అడుగుడు. ఇదివరకే అయినచో, మిగిలిన మొత్తము కట్టిన “క్లోజ్డ్” అని మార్తురా అని వ్రాతమూలముగా అడుగవచ్చును.

డబ్బిచ్చి సాయము తీసికొనవలసిన ఘట్టములును కలవు. మీ పాసుపుస్తకముతో ఇంకొకరు అప్పు తీసినను, బ్యాంకు కోర్టుకు ఎక్కినను, చనిపోయిన తండ్రి బాకీపై అన్నదమ్ముల నడుమ తగవు వచ్చినను న్యాయవాది వద్దకే పోవలెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి, ఆదాయము తక్కువ గలవారికి న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితముగా వకీలు దొరుకును.

నిజమైన బాకీ అయినచో లెక్క చూడుడు. కిసాన్ కార్డుపై 3 లక్షల వరకు వడ్డీ 7 శాతము. గడువులోగా కట్టినవారికి 3 శాతము రాయితీ. లక్షకు ఏటా 3,000 మిగులును. ఏజెంటుకు ఇయ్యదలచిన 5,000 బాకీకే కట్టుడు. కరవు మండలముగా ప్రకటించినచో, గడువు దాటక మునుపే ఋణమును వాయిదాలుగా మార్చుమని అర్జీ పెట్టుడు. దాటిన పిమ్మట పని కష్టము.

గ్రామాధికారులు, రైతు సేవా కేంద్రముల సిబ్బంది ఈ నివేదికలు తీయించుటలో తోడ్పడవలెనని మనవి. అర్జీకి 30 దినములు పట్టును గనుక, ఉగాది వెళ్ళగానే మొదలుపెట్టవలెను. తొలకరి పడిన తరువాత తీరిక ఎవరికిని ఉండదు.