రేడియో మాటల పుట్టిల్లు

వరంగల్లు పల్లెలలో రైతు విత్తనమును రెండు విధాల వేయును. గొర్రుతో విత్తినప్పుడు గింజ చాలులోనే పడును. పిడికిట తీసి వెదజల్లినప్పుడు ఏ గింజ ఎక్కడ పడునో చల్లిన చేతికే తెలియదు. ఈ రెండవ పనికి ఆంగ్లమున ఉన్న పాత పేరే 'బ్రాడ్‌కాస్ట్'. 1920 ప్రాంతమున రేడియోవారు ఆ మాటను పొలము నుండి తెచ్చుకొనిరి. అంతకు ముందు, మార్కోనీ తొలినాళ్లలో, వైర్‌లెస్ వార్త ఒకరు ఒకరికి పంపుకొనునది. దానిని దారిని పోవువారెల్ల వినగలుగుట లోపముగా తోచెడిది. ఆ లోపమే పిమ్మట రేడియోకు ప్రాణమైనది.

నిజాము కాలపు ఓరుగల్లులో ఉన్నత విద్య ఉర్దూలో సాగినది. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1935లో ప్రభుత్వ పరమైనది. వైర్‌లెస్‌ను ఉర్దూలో 'లాసిల్కీ' అందురు. అరబ్బీలో 'లా' అనగా లేదు, 'సిల్క్' అనగా తీగ. బ్రాడ్‌కాస్టుకు 'నష్ర్' అందురు. వ్యాపింపజేయుట అని దాని అర్థము. 1950లో ఆ కేంద్రము ఆలిండియా రేడియోలో చేరినది. తెలుగున స్థిరపడిన 'ప్రసారము'నకును సంస్కృతమున పరచుట, వ్యాపించుట అనియే భావము. మూడు భాషలును ఒక్క పనినే చూచినవి. ఇంత దగ్గరి మాట ఇంటనే ఉండగా తరగతిలో 'వెదజల్లుట'ను తలచుట అరుదు. విద్యార్థి నిర్వచనమును తడుముకొనక అప్పగించును. మాట మాత్రము అతనికి ఉత్త ధ్వనిగా మిగిలిపోవును.

'రేడియో'కు మూలమైన లాటిన్ 'రేడియస్' అనగా మొదట బండిచక్రపు ఆకు, తరువాత కిరణము. 'యాంటెనా' ఓడ తెరచాపను మోయు అడ్డకొయ్య. పురుగుల మీసములకు ఆ పేరు వచ్చి, అటుపిమ్మట వైర్‌లెస్ స్తంభమునకు ఎక్కినది.

'వాల్వు' కథ కొంత ఆగి చూడదగినది. లాటిన్ 'వాల్వా' తలుపు రెక్క. 1904లో ఫ్లెమింగు చేసిన గాజుబుడ్డిలో విద్యుత్తు ఒక్క దిక్కునకే పోవును; ఒకవైపే తెరచుకొను తలుపువలె ఉన్నది గనుక ఆ పేరు. అమెరికావారు రూపమునే చూచి 'ట్యూబు' అనిరి. పేరు పెట్టుటలో ఇంగ్లీషువారిదే మేలైన చూపు. 1906లో డీఫారెస్టు ఆ బుడ్డిలో సన్నని తీగజల్లెడ నొకటి అమర్చెను. దానిపై కొద్దిపాటి విద్యుత్తు మార్పు పెద్ద ప్రవాహమును హెచ్చించును, తగ్గించును. పాకాల చెరువు తూమును చూచిన పిల్లవానికి దీనిని చెప్పుట ఎంత పని! తూము తలుపును బెత్తెడు ఎత్తినచో పారు నీరు ఎత్తిన చేతిబలమును మించియే ఉండును.

1947లో అమెరికాలో పుట్టిన చిన్న సాధనము ఈ బుడ్డిని ఇంటినుండి వెళ్లగొట్టినది. 'ట్రాన్స్‌ఫర్', 'రెసిస్టర్' అను రెండు మాటలు అతుకగా దానికి 1948లో 'ట్రాన్సిస్టర్' అను పేరు ఏర్పడినది. మనవారు ఆ పేరును లోపలి గింజకు కాక, చంకన పెట్టుకొని పొలమునకు పోవు పెట్టెకే ఇచ్చివేసిరి.